మునగని గాలం

ఆ ఎండాకాలం మా ఇంట్లో మామకూ కోడలికీ మధ్య మాటలు మోసింది ఒక కోడి.

నేనప్పుడు డిండి ప్రాజెక్టు ఆఫీసులో గుమాస్తాను. హైదరాబాదులో కాలేజీ చదువు ముగించుకుని కొత్తగా ఉద్యోగంలో చేరాను. కట్ట దిగువన రెండు గదుల క్వార్టరు, దాని వెనక కంప దడి కట్టిన చిన్న పెరడు. నా భార్య అండాలు కాపురానికి వచ్చి ఏడాది నిండలేదు. పుట్టింటి నుంచి బుట్టలో తెచ్చుకున్న ఎర్ర కోడిపెట్ట ఒకటి, ఎల్లమ్మకు మొక్కిన పుంజు ఒకటి. ఆమె వెంట వచ్చిన బలగం అంతే.

ఉగాది వెళ్లాక బాపును మా ఊరి నుంచి ఎడ్లబండిలో తీసుకొచ్చాను. నాన్నను బాపు అనేవాణ్ని, ఆయన పేరు గుర్వయ్య. దేవరకొండ అవతలి గుట్టల్లో ఊహ తెలిసినప్పటి నుంచి గొర్ల వెంట నడిచిన మనిషి. ఆ చలికాలంలో బండ మీది నుంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లోయలో ఎవరికీ కనబడకుండా పడి ఉంటే, కర్రి అనే నల్ల గొర్రె మందతో పోకుండా ఆయన పక్కనే నిలబడి అరిచిందట. ఆ అరుపు విని మనుషులు వచ్చారు. ఎముక అతికింది కానీ కాలు పొట్టిదైంది. మందను మా పెదనాయిన కొడుకు కాటమయ్యకు అప్పగించాం. అమ్మ అంతకుముందే, నా పెళ్లి కూడా చూడకుండా పోయింది.

బండి దిగుతూనే బాపు మృగశిర కార్తె దాకా గడువు పెట్టాడు.

"మిరుగం దాక ఉంట. ఆనాడే నా గొర్ల కాడికి నేను పోత."

"ఈ కాలుతోని గుట్ట ఎట్ల ఎక్కుతవు బాపూ?"

"గుట్ట ఎక్కేది కాలుతోని కాదురా జానిగా, కట్టెతోని" అని చేతికర్రను నేల మీద ఒకసారి తాటించాడు.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మాలో కొత్త కోడలు మామతో నేరుగా మాట్లాడదు. అది కోపం కాదు, భయం కాదు, మర్యాద. ఆ మర్యాదకు ఒక ముగింపు కూడా ఉంది. మంచిరోజు చూసి అత్త కోడలిని తీసుకొచ్చి మామ ముందు నిలబెడుతుంది. మామ ఒక ఆడ గొర్రెపిల్ల తాడు ఆమె చేతిలో పెట్టి, "మాట్లాడు బిడ్డా" అంటాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటలు. మా ఇంట్లో ఆ పని చేయించాల్సిన అమ్మ లేదు. బాపు చేతిలో గొర్రెపిల్ల లేదు. మగవాళ్లు తమంతట తాము ఎత్తుకునే సంగతి కాదది. అందుకని నేను ఆఫీసుకు పోతే ఇల్లంతా నిశ్శబ్దం. బాపు వసారాలో మంచం మీద, అండాలు తలుపు చాటున.

దానికి దారి అండాలే కనిపెట్టింది. ఒక పొద్దున జొన్న గట్కలో మజ్జిగ పోసి, గిన్నె మంచం పక్కన పెట్టి, తలుపు వెనక్కి పోయి పెరట్లోకి చూస్తూ అంది.

"ఓ కోడీ, మీ తాతకు చెప్పవే. గట్క పెట్టిన, ఈగలు ముసరక ముందే తాగుమని."

బాపు గిన్నె వైపు చూశాడు, కోడి వైపు చూశాడు. తాగాడు. రెండు మూడు రోజులు అట్లాగే తాగి, ఆ తరువాత ఒకనాడు గొంతు సవరించుకున్నాడు.

"కోడీ, ఉల్లిగడ్డ ఉన్నదా అడుగు మీ అమ్మను."

తలుపు సందులోంచి ఉల్లిగడ్డ పట్టుకున్న చేయి బయటికొచ్చింది. గాజుల చప్పుడులో ఆమె నవ్వు ఆపుకుంటున్న సంగతి నాకు తెలిసిపోయింది.

ఆ రోజుల్లోనే ఇన్‌స్పెక్షన్ బంగళా వాచ్‌మన్ సైదులు నాకొక సిగరెట్ డబ్బా ఇచ్చాడు. అల్మారా దులుపుతుంటే దొరికిందట. "ఎవరో దొర మరిచిపోయిండు సారూ. ఆయన బదిలీ మీద పోయి శాన రోజులాయె. పారేద్దామంటే చేతికి గుచ్చుకుంటాంది" అన్నాడు. మూత తీస్తే లోపల చిన్న చిన్న గాలాలు. ఒక్కోదానికి ఈకలు, రంగు దారాలు చుట్టి పురుగుల్లాగా తయారుచేశారు.

బాపు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఎండకు పట్టి చూశాడు.

"గిదేందిరా, ఈగనా?"

"గాలమే బాపూ. వానపాము గుచ్చే పని లేదు. చేప దీన్ని చూసి పురుగు అనుకుని వచ్చి పడుతది."

"కాలేజీల గివి గూడ చెప్తరా?"

నేను నవ్వేలోగా ఆయన నడుముకు కట్టుకున్న ముళ్లు తీసే చిమ్టా బయటికి తీసి, ఆ పురుగును విప్పడం మొదలుపెట్టాడు.

"బాపూ, పాడైతది!"

"ఉండు. ఎట్ల కట్టిండో ఇప్పితెనే గద తెలిసేది."

దారం చుట్టు మీద చుట్టు విడిపోయింది. ఏ చుట్టు కింద ఈక మొదలు దాగిందో, ఏ ముడితో అంతా బిగిసిందో బాపు పెదవులు కదుపుతూ చూసుకున్నాడు. చివరికి గాలం ఒట్టిదై మిగిలింది. వెదురు ముక్కను కొంచెం చీల్చి, ఆ చీలికలో గాలం ఇరికించి, దాన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టుకున్నాడు. గొర్రె కాలి ముల్లు తీసే వేళ్లు, వడిసెల అల్లే వేళ్లు. వాటికి చాలా రోజుల తరువాత పని దొరికింది.

సంచిలో ఆయన వెంట తెచ్చుకున్న పచ్చి ఉన్ని ఉంది, కర్రిది. కడగని ఉన్ని కావడంతో జిడ్డు వాసన వేసేది. వడుక్కోవడానికి తెచ్చుకుని, కదురు ముట్టకుండా దిండు కింద పెట్టుకున్నాడు. ఇప్పుడు అందులోంచి చిటికెడు తీసి గాలానికి చుట్టాడు. దారానికి తేనెమైనం రాశాడు. మెడ దగ్గర ఒక ఈక కావలసి వచ్చింది. పెరట్లో రాలిన ఈకలు కొన్నాళ్లు సరిపోయాయి. ఆ తరువాత ఆయన దృష్టి పుంజు మెడ మీద పడింది.

ఆ పుంజు మెడ బంగారు రంగులో మెరిసేది. ఒకనాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపు వెనక నుంచి అండాలు గొంతు వినబడింది.

"ఓ కోడీ, నీ మొగుని మెడ చూసినవానే? తిరుపతి పోయి గుండు చేయించుకున్నట్టున్నది. ఎల్లమ్మ చూస్తే ఏమంటదో అడుగు మీ తాతను."

"కోడీ, ఎల్లమ్మకు మొక్కింది పుంజునే గని ఈకలను కాదని చెప్పు" అన్నాడు బాపు తలెత్తకుండా.

మరునాడు మంచం పక్కన గట్క గిన్నెతో పాటు ఒక ఎర్ర దారపు ఉండ కనిపించింది. తన రవికెల కుట్టు కోసం దాచుకున్న దారమది.

బాపు కట్టిన పురుగులకు గొర్లకు పెట్టే పేర్లే పెట్టాడు. తెల్ల ఈక ఉన్నది బొల్లి. పసుపు ఈక ఉన్నది పుల్లది. నల్ల ఉన్ని మీద బంగారు ఈక, తోక దగ్గర ఎర్ర దారం ఉన్నది కర్రి. సాయంత్రం నేను ఇంటికి రాగానే వాటిని అరుగు మీద మందలాగా నిలబెట్టి చూపించేవాడు.

వెదురు కట్టె, పేనిన దారం సిద్ధమయ్యాక కట్ట మీదికి నడక మొదలైంది. మా ఇంటికి తూము దగ్గర. అయినా కర్ర పోటు వేసుకుంటూ ఆయన పోవడానికి చాలాసేపు పట్టేది. తూము దగ్గర ఎల్లస్వామి అని చేపలు పట్టే మనిషి ఉండేవాడు. ఆయన మొదటి రోజే కడుపు పట్టుకుని నవ్వాడు.

"పెద్దయ్యా, గాలమంటే మునగాలె. నీది బాతు లెక్క తేలుతాందేంది?"

నిజంగానే కర్రి మునగలేదు. పచ్చి ఉన్ని జిడ్డు దాన్ని నీళ్లలోకి దిగనివ్వలేదు. బాపు చిన్న రాయి కట్టాడు. మునిగింది. కానీ ఉన్ని ఈకా కలిసి ముద్దయిపోయి, లోపల ఒక మసిగుడ్డలాగా వేలాడింది. దాన్ని చూసి ఒక పరక చేపపిల్ల కూడా దగ్గరికి రాలేదు.

"గొర్ల కాపరివి, చేపలను గూడ ఈల కొట్టి పిలువరాదు?" అన్నాడు ఎల్లస్వామి. చెడ్డవాడేమీ కాదు. పోయేటప్పుడు రోజూ రెండు చేపలు బాపు తువ్వాలలో వేయబోయేవాడు. బాపు తీసుకునేవాడు కాదు.

"దొరలకు పడతయేమోరా. గొల్లోనికి పడవు" అని ఒకరోజు గాలం కట్టె గోడకు ఆనించి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అండాలు పెరట్లో గింజలు చల్లుతూ కోడిని పిలిచింది.

"ఓ కోడీ, ఇయ్యాల బట్టలు పిండుతుంటే ఒకటి చూసిన. రేవు బండ పక్కన తుంగ లేదూ, ఆడ కప్పపిల్ల నీళ్ల మీద ఎగిరింది. కొర్రమట్ట కిందికెంచి వచ్చి గుటుక్కున మింగింది. అది మునిగినదాని దిక్కు చూడనే లేదే. మీద తేలేదాన్నే చూసింది. రాయి ఇప్పెయ్యమని చెప్పు మీ తాతకు."

బాపు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు.

"కోడీ, ఏ బండనో సరిగ్గ అడుగు."

"కోడీ, పగిలిన బండ అని చెప్పు. మాపటేల ఆడ నీడ ఉంటది."

ఇక అంతా సవ్యంగా జరుగుతుందనుకున్నాను. అప్పుడే ఆ కోడి గంపలోకి ఎక్కి పొదుగుకు కూర్చుంది.

చీకటి మూలన, వరిగడ్డిలో రెక్కలు పరుచుకుని, ఎవరు దగ్గరికి వెళ్లినా గుర్రుమనేది. పెరట్లోకి వచ్చేది కాదు. పుంజుతో మాటలు పంపిద్దామంటే, అది బాపు దగ్గితే చాలు దడి దూకి పారిపోయేది. అంత అవమానం జరిగింది దానికి. ఇల్లు మళ్లీ మూగపోయింది.

"కుండతోనన్న చెప్పరాదు?" అన్నాను అండాలుతో.

"కుండకు చెవులేడున్నయి?"

"అయితే నువ్వే మాట్లాడు. ఎవరేమంటరు?"

ఆమె చేటలోని బియ్యం వైపే చూస్తూ అంది. "అత్తమ్మ ఉంటే నన్ను తోలుకపోయి నిలబెట్టేది. నా అంతట నేను నోరు తెరిస్తే, అత్తమ్మ జాగల జొరబడ్డట్టు గాదా? పెద్దాయిన మనసుల ఏమనుకుంటడు?"

అమ్మను ఆమె ఎన్నడూ చూడలేదు. చూడని మనిషి చోటును అంత జాగ్రత్తగా కాపాడుతోంది.

బాపు రోజూ పగిలిన బండ దగ్గరికి పోతున్నాడు. కర్రి నీళ్ల మీద తేలుతోంది. ఒకటి రెండుసార్లు కింద నీళ్లు కదిలాయట, పట్టలేదు. ఎండలు ముదిరాయి. ప్రాజెక్టు నీళ్లు వెనక్కి పోయి తుంగ మొదళ్లు బయటపడ్డాయి. మిరుగం దగ్గర పడింది. ఒక సాయంత్రం బాపు గొంగడి దులిపి మడత పెడుతూ కనిపించాడు.

"కాటమయ్యకు కబురు చెయ్యి. మిరుగం నాడు బండి తెమ్మను."

"బాపూ, ఆ కాలు..."

"కాలు మాట ఎత్తకు."

"ఒక్కనివి ఆ గుడిసెల పడి ఉంటవా? మల్ల జారితే ఎవరు చూస్తరు?"

ఆయన గొంగడి కింద పెట్టాడు. గొంతులో కోపం లేదు. "గీడ నాకు ఏం తక్కువైందిరా? తిండి మంచిగున్నది. మంచం మంచిగున్నది. నువ్వు పొద్దుగాల పోతవు, పొద్దూకినంక వస్తవు. గా పిల్ల బంగారం అసొంటిది, గని నోరు తెరవరాదాయె. కోడి ఉన్నన్ని దినాలు బాగనే ఉండె. ఆడ గొర్లన్న నాతోని మాట్లాడుతయి."

తలుపు అవతల చేట శబ్దం ఆగిపోయింది. కొంచెంసేపటి తరువాత మళ్లీ మొదలైంది.

మిరుగానికి ముందురోజు నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. బాపును చివరిసారి రేవు దగ్గర కూర్చోబెట్టి చూద్దామనిపించింది. పడమర దిక్కున మబ్బు పట్టింది కానీ గాలి లేదు. బాపు తుంగ పక్కన గట్టు మీద కూర్చుని, కట్టెను మోకాలి కింద పెట్టుకున్నాడు. అండాలు అటు పగిలిన బండ మీద బట్టలు ఉతుకుతోంది. మామ వైపు వీపు పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని ఉంది.

రేపు ఊరంతా చేపలు తినే రోజు కాబట్టి ఎల్లస్వామికి తీరిక లేదు. వల ఆరేస్తూనే బాపు దగ్గరికి వచ్చాడు.

"పోతున్నవంటగద పెద్దయ్యా? నీ బాతును నాకిచ్చి పో."

"నీకెందుకురా? నువ్వు మునిగేటియే నమ్ముతవు గద" అంటూ బాపు ఆయన వైపు తిరిగాడు. చుట్ట కోసం రొంటి తడుముకుంటున్నాడు. నేను నిప్పుపెట్టె ఇస్తున్నాను. ముగ్గురిలో ఒక్కరం కూడా నీళ్ల వైపు చూడడం లేదు.

"మామా! గుంజు!"

ఆ గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. గట్టు మీది కొంగలు లేచిపోయాయి. బాపు చుట్ట పారేసి, జారిపోతున్న కట్టెను రెండు చేతులతో పట్టి గుంజాడు. నీళ్లు ఒక్కసారిగా బద్దలయ్యాయి. నల్లటి వీపు ఒకటి మెరిసి తుంగలోకి తిరగబోయింది. ఎల్లస్వామి మోకాలి లోతుకు ఉరికి, దాని మొప్పల్లో వేళ్లు పెట్టి గట్టుకు విసిరాడు. మోచేయి కంటే పొడుగున్న కొర్రమట్ట.

"అబ్బ! బాతే పట్టింది పో!" అని ఎల్లస్వామి అరుస్తున్నాడు.

బాపు చేప వైపు చూడలేదు. బండ వైపు చూస్తున్నాడు. అండాలు తడి చేత్తో నోరు మూసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని నిలబడిపోయింది. సగం పిండిన నా అంగీ ఆమె కాళ్ల దగ్గర నీళ్లలోకి జారుతోంది.

"గుంజిన బిడ్డా" అన్నాడు బాపు.

చేప గట్టు మీద కొట్టుకుంటుంటే దాని తలను తువ్వాలతో అదిమి పట్టి, చిమ్టాతో నోట్లోంచి గాలం తీశాడు. ముళ్లు తీసినంత నెమ్మదిగా. ఆ తరువాత లేచి, కర్ర పోటు వేస్తూ రేవు బండ వైపు నడిచాడు. ఆసరాకు చేయి చాచాను కానీ ఆయన పట్టుకోలేదు.

బండ దగ్గర ఆగి బాపు అరచేయి చాపాడు. అందులో కర్రి ఉంది. ఉన్ని తడిసి, ఎర్ర దారం కొంచెం ఊడి ఉంది.

"మీ అత్త ఉంటే అన్నీ పద్ధతిగ చేయించేది. గొర్రెపిల్లను తెద్దామంటే మంద కాటమయ్య కాడున్నది. గిది కర్రి ఉన్నే. పట్టుకో." అరచేయి ఇంకొంచెం ముందుకు జరిపాడు. "మాట్లాడు బిడ్డా."

అండాలు కొంగు చాచి దాన్ని తీసుకుంది. తల వంచుకునే ఉంది. నోట వచ్చిన మాట మాత్రం మర్యాదగా లేదు.

"ఆడనే ఉండకపోయినవా మామా? నాచు మీద కాలు జారితే? నేనే వచ్చేదాన్ని గద!"

బాపు నవ్వడం చాలా కాలానికి విన్నాను.

తెల్లవారి మిరుగం. పొద్దున్నే నాలుగు చినుకులు రాలి మట్టి వాసన లేచింది. చింతపులుసు పోసి అండాలు వండిన కూర ఉడుకుతుండగానే కాటమయ్య బండి వచ్చింది. బాపు అప్పటికే కంచం ముందు కూర్చున్నాడు. అండాలు తలుపు ఇవతలే, ఆయనకు ఎదురుగా నిలబడి వడ్డిస్తోంది.

"ఎక్కు చిన్నాయినా, ఎండెక్కక ముందే పోదాం" అన్నాడు కాటమయ్య.

"ఏడికిరా? ఈ పిల్ల తోక ముక్క ఇంకా వెయ్యనే లేదు." బాపు అన్నంలో పులుసు కలుపుతున్నాడు. "నువ్వు గూడ కూసో, తిను. తిని పో. కర్రి ఆడపిల్లను ఈనితే మాత్రం మల్ల రా. తోలుకొచ్చి ఈమె చేతిల పెట్టు."

కాటమయ్య నా వైపు చూశాడు. నేను కంచం వైపు చూశాను. ఆ తరువాత ఎవరూ ఆ ప్రయాణం మాట ఎత్తలేదు. గొంగడి మళ్లీ మంచం మీదికి చేరింది.

కోడి గంప దిగేసరికి దాని వెంట పిల్లలున్నాయి. కానీ ఇప్పుడు దానితో ఎవరికీ పనిలేదు. పొద్దంతా మామా కోడళ్ల మాటలే. ఏ ఈక బాగుంటుంది, ఏ ముడి వదులైంది, ఎల్లస్వామి పెళ్లాం ఏమంది. సాయంత్రం నేను వస్తే ఇద్దరూ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ తమ పంచాయతీలో పడేవారు. వాళ్ల మధ్యలో నాకొక మాట దూర్చే సందు దొరికేది కాదు. అంత సుఖంగా నేనెన్నడూ ఊరుకుని కూర్చోలేదు. బాపు మళ్లీ ఊరు పోలేదు. ఆయన చివరి రోజుల్లో మంచం మీద నుంచి పిలిచిన పేరు నాది కాదు, అండాలుది.

ఆమె పోయి ఇది రెండో వానాకాలం. సిగరెట్ డబ్బా నా దగ్గరే ఉంది. కర్రి మెడ మీది ఈక పురుగు కొట్టిపోయింది. ఎర్ర దారం వెలిసింది. ఉన్ని మాత్రం నల్లగా అట్లాగే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా కొంచెం జిడ్డు వాసన వస్తుందని నాకనిపిస్తుంది.

మొన్న మిరుగం నాడు చేపల కూర నేనే వండుకున్నాను. కంచం పట్టుకుని పెరటి గడపలో కూర్చున్నాను. పక్కింటి కోడి ఒకటి గోడ సందులోంచి వచ్చి మెతుకుల కోసం నా కాళ్ల దగ్గర తిరుగుతోంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

"ఓ కోడీ" అన్నాను మెల్లగా, "అండాలుకు చెప్పు. పులుసు మంచిగనే కుదిరింది. ఉప్పే జర ఎక్కువైంది."

కోడి మెడ పక్కకు వంచి, ఒక కన్ను నా వైపు తిప్పి, నేను చెప్పేది అయిపోయేదాకా నిలబడింది.